సంధి కుదిరిన యంత్రం: ఆటల కంప్యూటర్ కూర్పు చరిత్ర

మీ ఊళ్ళో టీవీలు అమ్మే దుకాణానికి వెళ్ళి, "ఒక కంపెనీ తెర, ఇంకో కంపెనీ బోర్డు, మూడో కంపెనీ పెట్టె ఇవ్వండి, ఇంట్లో నేనే బిగించుకుంటాను" అని అడిగి చూడండి. దుకాణదారు నవ్వి ఊరుకుంటాడు. అదే మాట కంప్యూటర్ విడిభాగాలు అమ్మే దుకాణంలో అడిగితే నవ్వడు. "బడ్జెట్ ఎంత? ఆటలకా, ఆఫీసు పనికా?" అని అడుగుతాడు.

ఈ తేడా ఎందుకు వచ్చింది? ఆటల కోసం కూర్చిన ఒక కంప్యూటర్‌లో ప్రాసెసర్ ఒకరిది, మదర్‌బోర్డు ఒకరిది, మెమరీ మరొకరిది, గ్రాఫిక్స్ కార్డు ఇంకొకరిది. వీరిలో కొందరు బజారులో ఒకరితో ఒకరు గట్టిగా పోటీపడేవాళ్ళే. అయినా వాళ్ళ సరుకంతా ఒకే క్యాబినెట్‌లో చేరి ఒకే యంత్రంలా పనిచేస్తుంది. దీన్ని మనం సహజమనుకుంటాం. నిజానికి ఇది సహజం కాదు. దీని వెనుక నలభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

'సంధి' అనే మాట మీకు రెండు పాఠాల్లో కనిపిస్తుంది. వ్యాకరణంలో సంధి అంటే రెండు వర్ణాల కలయిక. చరిత్రలో సంధి అంటే పోరాడే రాజులు కుదుర్చుకున్న ఒప్పందం. కంప్యూటర్ విషయంలో రెండు అర్థాలూ సరిపోతాయి. రెండు భాగాలు కలిసే ప్రతి చోటా, అంటే ప్రతి సాకెట్‌లో, ప్రతి స్లాట్‌లో, ప్రతి కేబుల్ చివరా, ఎవరో ఎప్పుడో కుదుర్చుకున్న ఒప్పందం ఒకటి ఉంది. భాగాలు ఎంచుకోవడమంటే ఆ సంధులను తెలుసుకోవడం. చెడిపోయిన యంత్రాన్ని బాగుచేయడమంటే ఏ సంధి దగ్గర తేడా వచ్చిందో వెతకడం. ఈనాటి మన పాఠం ఇదే.

తలుపు తెరుచుకున్న వైనం

1981 ఆగస్టు 12న ఐబీఎం సంస్థ తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌ను న్యూయార్క్‌లో ప్రకటించింది. అప్పటికి ఐబీఎం అంటే గదులు నిండే పెద్ద యంత్రాలకు పేరు. వాటిలో ప్రతి భాగమూ దాదాపు సొంత తయారీయే. కాని ఈ చిన్న యంత్రాన్ని త్వరగా బజారుకు తేవాలి. అందుకని ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో పనిచేసిన చిన్న బృందం బయట దొరికే భాగాలనే ఎక్కువగా వాడింది. ప్రాసెసర్ ఇంటెల్ వారి 8088. ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ నుంచి తీసుకున్నది. బోర్డు మీద అయిదు ఖాళీ స్లాట్లు ఉంచారు. యంత్రం వలయ పటాలనూ, దాన్ని నిద్రలేపే 'బయోస్' ప్రోగ్రామునూ ఒక సాంకేతిక గ్రంథంగా అచ్చువేసి అమ్మారు.

ఖాళీ స్లాటు, అచ్చయిన పటం. ఈ రెండింటి వల్ల బయటివాళ్ళు ఆ యంత్రానికి కార్డులు తయారు చేయగలిగారు. ఇక యంత్రం మొత్తాన్నీ ఎవరైనా తయారు చేయవచ్చా? ఒక్క బయోస్ అడ్డు వచ్చింది. దానికి కాపీరైట్ ఉంది. 1982లో హ్యూస్టన్‌లో పుట్టిన కాంపాక్ సంస్థ ఒక పద్ధతి పాటించింది. ఒక జట్టు ఐబీఎం బయోస్‌ను చదివి, అది ఏ పని చేస్తుందో మాత్రమే రాసిపెట్టింది. అసలు బయోస్‌ను ఎన్నడూ చూడని రెండో జట్టు ఆ వివరణను బట్టి కొత్త ప్రోగ్రాము రాసింది. ఆ విధంగా అదే పని చేసే వేరే బయోస్ చట్టబద్ధంగా తయారైంది. 1984లో ఫీనిక్స్ సంస్థ ఇటువంటి బయోస్‌ను ఇతర తయారీదారులకు అమ్మడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి ఐబీఎంకు అనుగుణమైన యంత్రాలు ప్రపంచమంతటా వెలిశాయి.

ఐబీఎం ఊరుకోలేదు. 1987లో పీఎస్/2 అనే కొత్త వరుసలో 'మైక్రో ఛానల్' అనే కొత్త రకం స్లాటు తెచ్చింది. సాంకేతికంగా అది మెరుగైనదే. కాని పాత కార్డులు దానిలో పట్టవు. ఇతరులు వాడుకోవాలంటే రుసుము చెల్లించాలి. 1988లో కాంపాక్ సహా తొమ్మిది సంస్థలు ఒక్కటై పాత కార్డులు కూడా పట్టే మరో స్లాటును ప్రకటించాయి. తరువాత 1992లో ఇంటెల్ తెచ్చిన పీసీఐ స్లాటు అందరికీ ఆమోదమైంది. మైక్రో ఛానల్ క్రమంగా తెరమరుగైంది. గమనించండి: మెరుగైన సంధి ఓడింది, అందరికీ అందే సంధి గెలిచింది.

ఆటలు పెట్టిన పరీక్ష

ఉత్తరాలు టైపు చేయడానికి, లెక్కలు వేయడానికి ఒక మోస్తరు యంత్రం చాలు. యంత్రంలోని ప్రతి భాగాన్నీ ఒకేసారి పరిగెత్తించేవి ఆటలు. అందుకే భాగాల మధ్య పొసగనితనం ముందుగా ఆటలు ఆడేవాళ్ళకే బయటపడేది.

మొదటి పీసీకి పలకడం రాదు, 'బీప్' మనడమే వచ్చు. 1989లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ 'సౌండ్ బ్లాస్టర్' కార్డును తెచ్చింది. దాన్ని స్లాటులో పెడితే ఆటల్లో సంగీతం, మాటలు వినబడేవి. కాని ఒక చిక్కు వచ్చింది. ఏదైనా భాగం ప్రాసెసర్‌ను పిలవాలంటే దానికి ఒక పిలుపు నంబరు ఉండాలి. ఇవి లెక్కకు కొన్నే. తొలి సౌండ్ బ్లాస్టర్‌కు ఫ్యాక్టరీలో పెట్టిన నంబరు 7. ప్రింటర్‌కు కేటాయించిందీ 7. ఇద్దరు పిల్లలకు ఒకే హాజరు సంఖ్య ఇచ్చినట్టు! యంత్రం బిగుసుకుపోయేది. కార్డు మీది 'జంపర్' అనే చిన్న బిళ్ళను ఒక చోటి నుంచి తీసి మరో చోట పెట్టి నంబరు మార్చేవారు. ఒకటి మార్చడం, యంత్రాన్ని నడిపి చూడడం, కుదరకపోతే మరొకటి మార్చడం. ఒక తరం ఆటగాళ్ళు ఈ జంపర్ల దగ్గరే పరిశోధనా పద్ధతి నేర్చుకున్నారు. 1995లో విండోస్ 95తో ఈ నంబర్లను యంత్రమే పంచే ఏర్పాటు ప్రచారంలోకి వచ్చింది.

1996 జూన్‌లో 'క్వేక్' అనే ఆట విడుదలైంది. దానిలోని లోకమంతా త్రిమితీయం. గోడలనూ, వెలుగునూ లెక్కించడానికి దశాంశ గణన, అంటే ఫ్లోటింగ్ పాయింట్ లెక్క, విపరీతంగా కావాలి. ఆనాడు సైరిక్స్ సంస్థ 6ఎక్స్86 అనే ప్రాసెసర్‌ను అమ్మేది. ఆఫీసు పనుల్లో అది ఇంటెల్ పెంటియంతో దీటుగా నిలిచేది, ధర తక్కువ. కాని దశాంశ గణనలో బలహీనం. క్వేక్ దానిపై ఈడుస్తూ నడిచింది. ఆటలు ఆడేవాళ్ళు పెంటియం వైపు మళ్ళారు. 'ఏ ప్రాసెసర్ మంచిది?' అనే ప్రశ్నకు జవాబు లేదని, 'ఏ పనికి మంచిది?' అని అడగాలని వాళ్ళు తెలుసుకున్నారు. భాగాల ఎంపికలో మొదటి సూత్రం నేటికీ అదే.

అదే 1996లో త్రీడీఎఫ్ఎక్స్ సంస్థ 'వూడూ' అనే గ్రాఫిక్స్ చిప్పు తెచ్చింది. త్రిమితీయ చిత్రాలు గీయడమే దాని పని. మామూలు చిత్రాలకు వేరే కార్డు ఉండాలి. రెండింటినీ ఒక పొట్టి కేబుల్‌తో వెనుకవైపు కలిపేవారు. ఆనాటికి దానికి సాటి లేదు. ఆ చిప్పుతో మాట్లాడడానికి 'గ్లైడ్' అనే సొంత భాషను సంస్థ తయారు చేసింది. మొదట్లో ఎన్నో ఆటలు గ్లైడ్‌లోనే రాశారు. 1998 చివర్లో త్రీడీఎఫ్ఎక్స్ ఒక కార్డుల తయారీ సంస్థను కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఆ తరువాత తన చిప్పులను ఇతర కార్డుల తయారీదారులకు ఇవ్వడం మానివేసింది. ఆ తయారీదారులు పోటీ సంస్థల వద్దకు వెళ్ళారు. ఆటలు రాసేవారు ఏ కార్డు మీదనైనా నడిచే డైరెక్ట్ త్రీడీ, ఓపెన్ జీఎల్ పద్ధతులకు మారారు. 2000 డిసెంబరులో త్రీడీఎఫ్ఎక్స్ ఆస్తులను ఎన్‌విడియా కొనడానికి ఒప్పందం కుదిరింది. తలుపు మూసుకున్న సంస్థకు ఐబీఎంకు తగిలిన దెబ్బే తగిలింది.

కరెంటు సంధి

పేరున్న భాగాల గురించి అందరూ మాట్లాడతారు. కరెంటును వాటికి పంచే ఎస్‌ఎంపీఎస్ గురించి కొద్దిమందే అడుగుతారు. యంత్రంలోని ప్రతి భాగమూ దానిమీద ఆధారపడి ఉంటుంది.

పాత ఏటీ తరహా యంత్రాల్లో ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు రెండు కనెక్టర్లు వచ్చేవి. రెండూ చూడడానికి ఒకేలా ఉండేవి. ఒకదాని చోట మరొకటి పెట్టి స్విచ్చి వేస్తే బోర్డు మాడిపోయేది. 'నల్ల తీగలు నల్ల తీగల పక్కన, మధ్యలో ఉండాలి' అని ప్రతి మెకానిక్ కంఠస్థం చేసేవాడు. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం ఈ రెండింటి స్థానంలో ఒకే కనెక్టరును పెట్టింది. అది ఒక్క వైపే పడుతుంది. బోర్డులో మరలు బిగించే రంధ్రాలు ఎక్కడుండాలో, వెనుకవైపు పట్టీ ఎంత ఉండాలో కూడా అది నిర్ణయించింది. ఇప్పటికీ మనం కొనే క్యాబినెట్‌లో మదర్‌బోర్డు సరిగా కూర్చుంటున్నదంటే కారణం ఆ ఒప్పందమే. మంచి ఒప్పందం పని సులువు చేయడంతో ఆగదు. తప్పు చేసే అవకాశాన్నే తొలగిస్తుంది.

అన్ని ఒప్పందాలూ ఒకే మారు కుదరవు. 2022లో శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డుల కోసం 600 వాట్ల వరకు మోసే కొత్త రకం చిన్న కనెక్టరు వచ్చింది. కొన్ని చోట్ల అది వేడెక్కి కరిగింది. కనెక్టరు పూర్తిగా లోపలికి దిగకపోవడం ఒక ముఖ్య కారణమని తేలింది. 2023లో దాని నమూనాను సవరించారు. ముప్పై ఏళ్ళ కిందటి ఏటీ కనెక్టర్ల పాఠం మరో రూపంలో తిరిగివచ్చింది.

మన బజార్లలో

ఈ కథ మన దేశానికి ఎలా వచ్చింది? 1984 నవంబరులో కేంద్ర ప్రభుత్వం నూతన కంప్యూటర్ విధానాన్ని ప్రకటించి దిగుమతి నిబంధనలను సడలించింది. 1991 ఆర్థిక సంస్కరణలు ఆ దారిని వెడల్పు చేశాయి. 1997లో భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థ వారి సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరింది. దాని ప్రకారం 2005 నాటికి కంప్యూటర్ భాగాల్లో చాలావాటిపై దిగుమతి సుంకం తొలగింది.

దాంతో ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబయిలో లామింగ్టన్ రోడ్, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్, సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ విడిభాగాల బజార్లుగా పేరు తెచ్చుకున్నాయి. పెద్ద కంపెనీ పేరున్న యంత్రం కొనలేని మధ్యతరగతి ఇళ్ళకు 'అసెంబుల్డ్' కంప్యూటర్ ఈ బజార్ల నుంచే చేరింది. ఇంజనీరింగ్ చదివే అన్న కోసమని కొన్న యంత్రం మీద సాయంత్రాలు తమ్ముడు ఆటలు ఆడాడు. ఇంట్లో కంప్యూటర్ లేనివారు ఇంటర్‌నెట్ సెంటర్లలో గంటకు ఇంతని చెల్లించి ఆడారు.

పొదుపు మన బజార్లలోనే కాదు, అంతటా ఆటగాళ్ళకు విద్య నేర్పింది. 1998లో ఇంటెల్ చౌక రకంగా అమ్మిన సెలెరాన్ 300ఏ ప్రాసెసర్‌ను బోర్డు వేగం 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచి 450 మెగాహెర్ట్జ్ వద్ద నడపవచ్చని ఔత్సాహికులు కనుగొన్నారు. అయితే వేగం పెంచితే వేడి పెరుగుతుంది. మన వేసవినీ, దుమ్మునూ, కరెంటు హెచ్చుతగ్గులనూ లెక్కలోకి తీసుకోకుండా ఆ పని చేస్తే మిగిలేది ఖర్చే. పాత ఎస్‌ఎంపీఎస్‌ల వెనుక 115, 230 అని రాసిన ఒక ఎర్ర స్విచ్చి ఉండేది. మన ఇళ్ళలోని కరెంటు 230 వోల్టులు. అది 115 దగ్గర ఉండగా ప్లగ్ పెడితే ఠప్పుమని పేలేది. చిన్న స్విచ్చి చూడనందుకు నెల జీతం పోయిన సందర్భాలు ఉండేవి.

జోడు కుదరాలి

ఇప్పుడు ఎంపిక సంగతి చూద్దాం. తెర మీద ఆట సెకనుకు 60 చిత్రాలుగా కదలాలనుకుందాం. అంటే ఒక్కో చిత్రానికి దాదాపు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి. ఆ వ్యవధిలో ప్రాసెసర్ 'ఎవరు ఎక్కడున్నారు, ఏమి జరిగింది' అని నిర్ణయించాలి. గ్రాఫిక్స్ కార్డు దాన్ని గీయాలి. ఇద్దరిలో ఎవరు ఆలస్యం చేస్తే ఆట ఆ వేగంతోనే నడుస్తుంది. జోడెద్దుల్లో ఒకటి కుంటుతూ ఉంటే రెండోదాని బలం వృథా. బడ్జెట్ అంతా ఒక ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టి, నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌తో, చాలీచాలని మెమరీతో సరిపెట్టుకున్న యంత్రం ఇలాంటిదే.

ఎవరు వెనుకబడుతున్నారో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఆటలో రిజల్యూషన్ తగ్గించండి. చుక్కలు తగ్గితే గ్రాఫిక్స్ కార్డు పని తగ్గుతుంది. ప్రాసెసర్ పని దాదాపు మారదు. వేగం బాగా పెరిగితే వెనుకబడింది గ్రాఫిక్స్ కార్డు. పెరగకపోతే ప్రాసెసర్ వైపు చూడాలి. కొత్త భాగం కొనేముందు ఈ పరీక్ష చేసుకుంటే డబ్బు వృథా కాదు.

దోషం ఎక్కడ?

సమస్యలు పరిష్కరించే పద్ధతికి చరిత్రలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1994లో అమెరికాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్లీ కవల ప్రధాన సంఖ్యల వ్యుత్క్రమాలను కూడుతున్నాడు. పెంటియం యంత్రం నుంచి వచ్చిన జవాబు మిగిలినవాటితో పొసగలేదు. ఆయన వెంటనే ప్రాసెసర్‌ను నిందించలేదు. తన ప్రోగ్రామును, కంపైలర్‌ను, మదర్‌బోర్డును ఒక్కొక్కటిగా పరీక్షించి పక్కన పెట్టాడు. వేరే యంత్రాలపై అదే లెక్క వేసి చూశాడు. చివరకు దోషం పెంటియం భాగహారంలోనే ఉందని తేల్చి అక్టోబరులో వెల్లడించాడు. ప్రాసెసర్‌లోని ఒక పట్టికలో అయిదు గళ్ళు ఖాళీగా ఉండిపోవడం దానికి కారణం. డిసెంబరులో ఇంటెల్ అడిగినవారందరికీ ప్రాసెసర్ మార్చి ఇస్తామని ప్రకటించింది. దీనికి 47 కోట్ల 50 లక్షల డాలర్లు కేటాయించింది.

ముప్పై ఏళ్ళ తరువాత ఇటువంటిదే మరొకటి జరిగింది. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్నిటిపై ఆటలు ఉన్నట్టుండి ఆగిపోసాగాయి. తెర మీద కనిపించే సందేశమేమో 'వీడియో మెమరీ చాలలేదు' అని. సహజంగా అందరూ గ్రాఫిక్స్ కార్డును అనుమానించారు. అసలు దోషం ప్రాసెసర్‌కు అవసరానికి మించి అందుతున్న వోల్టేజీలో ఉందని 2024లో తేలింది. ఆగస్టులో బయోస్ ద్వారా వేసుకునే సవరణ వచ్చింది. యంత్రం ఎక్కడ మూలిగితే నొప్పి అక్కడే ఉండాలని లేదు.

2000 తరువాతి కొన్నేళ్ళలో ఎన్నో మదర్‌బోర్డులను దెబ్బతీసిన కెపాసిటర్ల వ్యాధి దీనికి భిన్నం. లోపలి ద్రావణం నాణ్యత లేక వాటి మూతలు ఉబ్బి, గోధుమరంగు ద్రవం కారేది. క్యాబినెట్ తెరిచి చూసిన కంటికి అది కనిపించేది. అందుకే పరికరాలకన్నా ముందు కళ్ళను వాడాలి.

ఈ అనుభవాల నుంచి వచ్చిన క్రమం ఇది. యంత్రం లేవకపోతే మొదట ప్లగ్, ఎస్‌ఎంపీఎస్, కనెక్టర్లు చూడండి. మూత తీసేముందు కరెంటు ఆపి, ప్లగ్ పీకండి. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం మీరు విప్పవద్దు. ప్లగ్ తీసిన తరువాత కూడా దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. తరువాత అవసరంలేని భాగాలన్నీ తీసి బోర్డు, ప్రాసెసర్, ఒక్క మెమరీ కార్డుతో నడిపించండి. బోర్డు చేసే బీప్‌లకు, వెలిగే చిన్న దీపాలకు అర్థం దాని పుస్తకంలో ఉంటుంది. నడిస్తే ఒక్కొక్క భాగాన్నీ చేర్చుతూ పోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చినదాన్ని కాగితం మీద రాయండి. రెండు ఒకేసారి మారిస్తే యంత్రం బాగుపడవచ్చు గాని, ఎందుకు బాగుపడిందో మీకు తెలియదు.

ముగింపు

విద్యార్థులారా! ఒక్కొక్క భాగాన్నీ తీసి పరీక్షించగలుగుతున్నామంటే ఆ భాగాలు విడివడి ఉండడం వల్లనే. నైస్లీ పద్ధతిని మన టేబుల్ మీద పాటించే వీలు కల్పించింది 1981లో వదిలిన ఆ ఖాళీ స్లాట్లే. కాని ఈ వీలు శాశ్వతమని అనుకోవద్దు. నేడు చాలా ల్యాప్‌టాప్‌లలో, కొన్ని చిన్న డెస్క్‌టాప్‌లలోనూ మెమరీని బోర్డుకే టంకం వేసి ఇస్తున్నారు. దారి దగ్గరై వేగం పెరుగుతుంది, కరెంటు ఆదా అవుతుంది; ఆ లాభాలు నిజమే. అయితే ఆ మెమరీ చెడితే బోర్డంతా మార్చాలి. రెండేళ్ళ తరువాత పెంచుకోవాలంటే కుదరదు. వేగం కోసం ఎంత స్వేచ్ఛ వదులుకోవాలన్నది ఇంజనీర్లు ఒక్కరే తేల్చే ప్రశ్న కాదు. కొనేవారు కూడా తేల్చాలి. ఐబీఎం 1987లో తలుపు మూయబోతే కొనేవారు మరో దారిన వెళ్ళారు. రేపు అటువంటి ఎంపిక మీ ముందుకు వచ్చినప్పుడు, ధర, వేగం చూసిన తరువాత మూడో ప్రశ్న కూడా అడగండి: "దీన్ని విప్పవచ్చా?"

ఆలోచించండి

1. మైక్రో ఛానల్ మెరుగైనదై ఉండి కూడా ఎందుకు నిలబడలేదు? త్రీడీఎఫ్ఎక్స్ కథతో పోల్చండి.
2. క్వేక్ ఆట రాకపోయి ఉంటే సైరిక్స్ ప్రాసెసర్ గురించి ప్రజల అభిప్రాయం ఎలా ఉండేది?
3. మీ పాఠశాలలోని ఒక పాత కంప్యూటర్ క్యాబినెట్‌ను అధ్యాపకుల సమక్షంలో, ప్లగ్ తీసి, తెరిచి చూడండి. అందులో ఎన్ని సంధులు గుర్తించగలిగారో పట్టిక రాయండి.
4. మీ ఇంట్లో విప్పి భాగం మార్చగలిగిన వస్తువులు ఏవి, మార్చలేనివి ఏవి? రెండో రకం పెరుగుతున్నదా, తగ్గుతున్నదా?